అణువు మెడలో గంట కట్టేదెవరు?

పోయిన మే నెలలో సెమిస్టర్ పరీక్షలు అయిపోగానే దర్శిలో అమ్మమ్మ వాళ్లింటికి వెళ్లాను. అమ్మమ్మకి పదేళ్లుగా షుగర్. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంది. నేనున్నన్ని రోజులూ పొద్దున్నే పరగడుపున వేలు గుచ్చి రీడింగ్ చూడటం నా డ్యూటీ. మొదటి రెండు రోజులూ మామూలుగానే ఉంది. మూడో రోజు 260. నాలుగో రోజు 312.

"ఏందిరా ఇది, నేనేం తిన్నానని?" అంది అమ్మమ్మ. రాత్రి తిన్నది రెండు జొన్న రొట్టెలు, కాస్త పప్పు. అందరం కలిసి మామిడిపండు మీద అనుమానం పెట్టాం. మామయ్య ఫోన్లో "రేపట్నుంచి ఆ బిళ్ల రెండు పూటలా వేసెయ్యండి" అన్నాడు. అమ్మ మాత్రం ఆగమంది. ల్యాబ్‌కి తీసుకెళ్లి నరం నుంచి రక్తం ఇప్పిస్తే 148 వచ్చింది. మేము బిళ్ల రెట్టింపు చేసి ఉంటే ఆ రాత్రి అమ్మమ్మకి షుగర్ పడిపోయేది. పెద్దవాళ్లకి నిద్రలో షుగర్ పడిపోవడం అంటే ఎంత ప్రమాదమో షుగర్ ఉన్న ఇంట్లో ఎవరినడిగినా చెప్తారు.

దొంగ ఎవరంటే స్ట్రిప్స్ సీసా. వంటింట్లో పొయ్యి పక్క అలమరలో ఉంది, మూత సగం తెరిచి. ఆ మూత పెట్టనిది నేనే.

నేను సీఎస్ఈ. నాకు తెలిసినంత వరకు సెన్సర్ అంటే ఒక ఇన్‌పుట్, ఒక నంబర్. ఆ నంబర్ ఎక్కడి నుంచి వస్తుందో ఎప్పుడూ ఆలోచించలేదు. మూత తీసి పెడితే నంబర్ ఎందుకు మారుతుంది అని వెతకడం మొదలుపెడితే, అది నన్ను ఎలక్ట్రోకెమికల్ బయోసెన్సర్ల దగ్గరికీ, అందులో లేబుల్ అనే చిన్న విషయం దగ్గరికీ తీసుకెళ్లింది. చిన్న విషయం అన్నాను గానీ, ఏ పరీక్ష దర్శి దాకా వస్తుంది, ఏది ఒంగోలులో ఆగిపోతుంది అన్నది చాలా వరకు దాని మీదే ఆధారపడి ఉంది. ఈ వ్యాసం దాని గురించే.

ఎలక్ట్రోడ్‌కి ఒకటే భాష వచ్చు

ఎలక్ట్రోడ్ అంటే కరెంటు వెళ్లే ఒక చిన్న ముక్క. కార్బన్ కావచ్చు, బంగారం కావచ్చు, ప్లాటినం కావచ్చు. దానికి తెలిసింది రెండే: ఎన్ని ఎలక్ట్రాన్లు వచ్చి వెళ్లాయి, ఎంత వోల్టేజ్ ఉంది. ఎదురుగా ఉన్నది గ్లూకోజా, గుండె కండరం నుంచి వచ్చిన ప్రొటీనా, వైరస్ ఆర్ఎన్ఏనా అన్నది దానికి పట్టదు. ఆ అణువు ఎలక్ట్రాన్ ఇస్తే వింటుంది, లేకపోతే లేదు.

కొన్నిటికి ఆ భాష పుట్టుకతోనే వచ్చు. దానికి ఉదాహరణ మన ప్రాంతపు నీళ్లలోనే ఉంది, ఫ్లోరైడ్. దర్శి, పొదిలి, కనిగిరి వైపు పెరిగినవాళ్లకి పళ్ల మీద గోధుమరంగు చారలు కొత్త కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్ మీద తొలి వైద్య పరిశోధనలు 1937లో అచ్చయ్యాయి. అవి అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించినవి. ఈ ప్రాంతాలు అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టారు.

నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాన్ని కొలవడానికి 1966లో ఫ్రాంట్, రాస్ అనే ఇద్దరు ఒక ఎలక్ట్రోడ్ తయారుచేశారు. దాని మొన దగ్గర లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికం ఉంటుంది. ఆ స్ఫటికంలో ఉన్న ఖాళీల గుండా ఫ్లోరైడ్ అయాన్లు మాత్రమే ఒక చోటు నుంచి ఇంకో చోటుకి గెంతగలవు. కాబట్టి నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో దాన్ని బట్టి స్ఫటికానికి రెండు వైపులా వోల్టేజ్ తేడా వస్తుంది. 25 డిగ్రీల దగ్గర ఫ్లోరైడ్ పదిరెట్లు మారితే వోల్టేజ్ సుమారు 59 మిల్లీవోల్టులు మారుతుంది. ఎవరూ ఫ్లోరైడ్‌కి ఏమీ తగిలించక్కర్లేదు. లేబుల్ అవసరం లేని కొలత ఇది.

ఒక మాట ఇక్కడే చెప్పేస్తా. ఆర్ఓ ప్లాంట్ దగ్గర నీళ్లలో పెట్టి చూపించే టీడీఎస్ పెన్ ఈ పని చేయదు. అది నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి కరెంటును ఎంత మోస్తున్నాయో చూస్తుంది. ఉప్పుకీ ఫ్లోరైడ్‌కీ దానికి తేడా తెలియదు. ఊళ్లో గోల వినపడుతోంది అని చెప్పడం వేరు, అందులో ఫలానా మనిషి గొంతు ఇది అని చెప్పడం వేరు.

గ్లూకోజ్‌కి పడవ కావాలి

గ్లూకోజ్ దగ్గర కథ కొంచెం మారుతుంది. దానిలో ఇవ్వడానికి ఎలక్ట్రాన్లు ఉన్నాయి గానీ, రక్తంలో ఉండగా మామూలు ఎలక్ట్రోడ్‌కి నేరుగా, తేలిగ్గా ఇవ్వదు. మధ్యలో మనిషి కావాలి. ఆ మనిషి గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్. అది గ్లూకోజ్‌ని గుర్తుపట్టి, దాని దగ్గర రెండు ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది. 1962లో అమెరికాలో లీలాండ్ క్లార్క్, చాంప్ లియన్స్ ఈ ఎంజైమ్‌ని ఎలక్ట్రోడ్ దగ్గర పెట్టాలన్న ఆలోచనని ప్రకటించారు. బయోసెన్సర్ల కథ సాధారణంగా అక్కడి నుంచే మొదలుపెడతారు.

కానీ ఆ ఎంజైమ్ ఎలక్ట్రాన్లను లోపల, ప్రొటీన్ మడతల మధ్య దాచుకుంటుంది. ఎలక్ట్రోడ్‌కి అందవు. అందుకని ఒడ్డుకీ ఒడ్డుకీ మధ్య తిరిగే పడవ లాంటి చిన్న అణువు ఒకటి కావాలి. దాన్ని మీడియేటర్ అంటారు. 1984లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్, క్రాన్‌ఫీల్డ్ పరిశోధకులు ఫెర్రోసీన్ అనే ఇనుప సమ్మేళనాన్ని పడవగా వాడి చూపించారు. 1987 కల్లా పెన్ ఆకారంలో ఇంటి మీటర్ మార్కెట్‌లోకి వచ్చింది. ఈరోజు చాలా స్ట్రిప్స్‌లో ఉండే పడవ పేరు ఫెర్రిసయనైడ్. ఎంజైమ్ దగ్గర ఎలక్ట్రాన్ ఎక్కించుకుని అది ఫెర్రోసయనైడ్ అవుతుంది. మీటర్ చిన్న వోల్టేజ్ పెట్టి ఆ ఎలక్ట్రాన్‌ని దింపుకుంటుంది. ఎన్ని పడవలు నిండుగా వచ్చాయో అంత గ్లూకోజ్ అని లెక్క.

ఇప్పుడు 312 సంగతి. వేడి, గాలిలో తేమ తగిలితే ఎంజైమ్ కొంత చచ్చిపోతుంది. అప్పుడు రీడింగ్ తగ్గొచ్చు. కానీ అదే తేమలో పడవలు కూడా ఊరుకోవు. గ్లూకోజ్ రాకముందే కొన్ని ఫెర్రిసయనైడ్ అణువులు ఫెర్రోసయనైడ్‌గా మారిపోతాయి. అంటే సరుకు ఎక్కకముందే పడవలు నిండుగా ఉన్నట్టు లెక్క పడుతుంది. మీటర్‌కి ఆ తేడా తెలియదు, రీడింగ్ పెరుగుతుంది. చాలా సీసాల మీద 30 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంటుంది. మే నెలలో దర్శిలో, అదీ పొయ్యి పక్కన, 30 డిగ్రీలు ఎక్కడ దొరుకుతాయి?

ఇక్కడ కచ్చితంగా మాట్లాడాలంటే, గ్లూకోమీటర్‌లో ఎంజైమ్ లేబుల్ కాదు, గుర్తుపట్టేది. ఫెర్రిసయనైడ్ కూడా లేబుల్ కాదు, మోసేది. అయితే అసలు లేబుల్ ఎందుకు కావాలో అర్థం కావాలంటే గ్లూకోజ్ ఎంత అదృష్టవంతురాలో ముందు తెలియాలి. రక్తంలో దాని పరిమాణం ఎక్కువ: లీటరుకి సుమారు ఒక గ్రాము. దానికోసమే పుట్టిన ఎంజైమ్ ఉంది. ఈ రెండూ అందరికీ ఉండవు.

ఉండీ లేనట్టుండే అణువులు

గుండెపోటు వచ్చినప్పుడు దెబ్బతిన్న గుండె కండరం నుంచి ట్రోపోనిన్ అనే ప్రొటీన్ రక్తంలోకి కారుతుంది. లీటరులో 40 నానోగ్రాములు ఉన్నా డాక్టర్లు అప్రమత్తం అవుతారు. గ్లూకోజ్ లీటరుకి ఒక గ్రాము అనుకుంటే, ఇది బరువులో దానికంటే రెండున్నర కోట్ల రెట్లు తక్కువ. పైగా దాన్ని ఆక్సీకరణం చేసే ప్రత్యేకమైన ఎంజైమ్ ఏదీ లేదు. ఎలక్ట్రోడ్ ఎదురుగా నిలబడ్డా దాని గొంతు వినపడదు. థైరాయిడ్‌ని నడిపే టీఎస్‌హెచ్, డెంగీ వైరస్ వదిలే ఎన్ఎస్1 ప్రొటీన్, కిడ్నీ దెబ్బతినడం మొదలైనప్పుడు పెరిగే కొన్ని ప్రొటీన్లు, అన్నీ ఇంతే.

మన పడమటి వైపు సాయంత్రం గొర్రెలు, గేదెలు ఇంటికి వచ్చేటప్పుడు చూశారా? చీకటి పడ్డాక కూడా మెడలో గంట చప్పుడు బట్టి మన గేదె ఎక్కడుందో చెప్పేస్తారు. గేదె కనపడక్కర్లేదు, గంట వినపడితే చాలు. లేబుల్ అంటే అదే. ఎలక్ట్రోడ్‌కి వినపడని అణువుకి, వినపడే దాన్ని ఒకటి కట్టడం.

మరి పిల్లి మెడలో గంట కట్టేదెవరు? యాంటీబాడీ. ఏ అణువు కోసం తయారైందో దాన్ని మాత్రమే పట్టుకునే ప్రొటీన్ అది. పద్ధతి ఇలా ఉంటుంది. ఎలక్ట్రోడ్ మీద ఒక యాంటీబాడీని అతికించి ఉంచుతారు. రక్తం పోస్తే అది ట్రోపోనిన్‌ని పట్టుకుంటుంది. తర్వాత ఇంకో యాంటీబాడీ వస్తుంది, దీని వీపు మీద లేబుల్ ఉంటుంది. ఇది ట్రోపోనిన్‌ని రెండో వైపు పట్టుకుంటుంది. మధ్యలో కూర ఉన్న శాండ్‌విచ్ లాగా. తర్వాత బాగా కడిగేస్తారు. ట్రోపోనిన్ లేకపోతే రెండో యాంటీబాడీకి పట్టుకోవడానికి ఏమీ లేక నీళ్లతో పోతుంది, దాంతో పాటే గంట కూడా. ఉంటే గంట మిగులుతుంది. మిగిలిన గంటల్ని లెక్కపెడితే ట్రోపోనిన్‌ని లెక్కపెట్టినట్టే.

మా బ్రాంచ్ వాళ్ల కోసం ఇంకోలా చెప్తా. ప్రోగ్రాం ఫలానా ఫంక్షన్‌లోకి వెళ్లిందో లేదో తెలియకపోతే ఏం చేస్తాం? లోపల ఒక ప్రింట్ స్టేట్‌మెంట్ పెడతాం. ఫంక్షన్ చేసే పనికీ ఆ ప్రింట్‌కీ సంబంధం లేదు. అది అక్కడ దాకా వచ్చిందని మనకి చెప్పడానికి మాత్రమే. లేబుల్ కూడా ప్రింట్ స్టేట్‌మెంటే. ఒక్కోసారి ప్రింట్ పెట్టడం వల్లే టైమింగ్ మారి బగ్ మాయమవుతుంది చూడండి, ఆ జబ్బు ఇక్కడ కూడా ఉంది. లేబుల్ మరీ పెద్దదైతే యాంటీబాడీ చెయ్యి చాపడానికి అడ్డం వస్తుంది. అందుకే ఎవరికి ఏ గంట కట్టాలన్నది పెద్ద ప్రశ్న.

మొదటి గంటలు మనకి పనికిరావు

మొట్టమొదట వాడిన లేబుల్స్ రేడియోధార్మికమైనవి. న్యూయార్క్‌లో రోసలిన్ యాలో, సోలమన్ బెర్సన్ 1950ల చివర్లో రేడియోధార్మిక అయోడిన్ కట్టిన ఇన్సులిన్‌తో, రక్తంలో ఇన్సులిన్ ఎంతుందో కొలిచారు. ఆ పనికి యాలోకి 1977లో నోబెల్ వచ్చింది. బెర్సన్ 1972లోనే చనిపోవడంతో ఆయనకి రాలేదు.

మన హైదరాబాద్‌కి కూడా ఈ కథలో భాగం ఉంది. సీసీఎంబీలో లాల్జీ సింగ్ బృందం 1980ల చివర్లో డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ తెచ్చినప్పుడు, డీఎన్ఏ ముక్కల్ని వెతికే ప్రోబ్‌కి కట్టిన గంట రేడియోధార్మిక ఫాస్ఫరస్, అంటే ఫాస్ఫరస్-32. దాని అర్ధాయువు 14 రోజులు మాత్రమే. తెప్పించుకుని బీరువాలో దాచుకుందామంటే కుదరదు, నెల తిరిగేసరికి పావు వంతుకి పడిపోతుంది. అందుకే అణుశక్తి విభాగం కింద ఉన్న బ్రిట్ సంస్థ, ఇలాంటి లేబుల్ కట్టిన న్యూక్లియోటైడ్లను తయారు చేసే ల్యాబ్‌ని సీసీఎంబీ ఆవరణలోనే పెట్టింది. ఆ ల్యాబ్ పేరు జోనాకి. బెంగాలీలో జోనాకి అంటే మిణుగురు పురుగు. లేబుల్‌కి ఇంతకంటే మంచి పేరు నాకైతే తట్టడం లేదు.

మూగ అణువుతో మాట్లాడించే ప్రయత్నం అంతకంటే ముందే ఒక తెలుగువాడు చేశాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి ప్రచురించారు. ఫాస్ఫేట్‌కి రంగు లేదు. మాలిబ్డేట్ కలిపి నీలం రంగు రప్పించి, నీలం ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత ఉన్నట్టు లెక్క కట్టారు. అది లేబుల్ కాదు, ఎలక్ట్రోకెమిస్ట్రీ అసలే కాదు. కానీ కనపడని దాన్ని కనపడే దాంతో జతకట్టి కొలవాలన్న ఆలోచన అదే.

రేడియోధార్మికత మంచి గంటే గానీ, దానికి ప్రత్యేక ల్యాబ్, లైసెన్స్, చెత్త పారేసే ఏర్పాటు అన్నీ కావాలి. మండల కేంద్రంలో కుదిరే పని కాదు. అందుకే వేరే గంటల కోసం వెతికారు.

ఇప్పుడు వాడుతున్న గంటలు

మొదటి రకం ఎంజైమ్‌లు. 1971లో స్వీడన్, నెదర్లాండ్స్‌లో రెండు బృందాలు దాదాపు ఒకేసారి రేడియోధార్మికత బదులు యాంటీబాడీ పరీక్షలో ఎంజైమ్‌ని కట్టి చూశాయి. దాన్నే ఈరోజు ఎలీసా అంటున్నాం. ఎక్కువగా వాడేవి రెండు: ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, హార్స్‌రాడిష్ పెరాక్సిడేజ్. ఈ హార్స్‌రాడిష్ పేరు విని మునగ అనుకోకండి. మునగ వేరు ఘాటుగా ఉంటుందని ఇంగ్లీషులో మునగని కూడా ఆ పేరుతో పిలుస్తారు గానీ, ఈ ఎంజైమ్ వచ్చేది ఆవాల కుటుంబానికి చెందిన వేరే మొక్క వేరు నుంచి.

ఎంజైమ్ గొప్పతనం ఏంటంటే అది ఒక్కసారి మోగి ఊరుకోదు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌కి అమినోఫినైల్ ఫాస్ఫేట్ అనే పదార్థం ఇస్తే, దాని ఫాస్ఫేట్ కోసేసి అమినోఫినాల్ తయారుచేస్తుంది. ఈ అమినోఫినాల్ ఎలక్ట్రోడ్‌కి రెండు ఎలక్ట్రాన్లు ఇస్తుంది. ఒక్క ఎంజైమ్ సెకనుకి 500 అణువుల్ని కోస్తుందనుకుందాం. పది నిమిషాల్లో 3 లక్షలు, అంటే 6 లక్షల ఎలక్ట్రాన్లు. ఒక్క ట్రోపోనిన్ అణువు కోసం 6 లక్షల ఎలక్ట్రాన్లు! బలహీనత కూడా అందులోనే ఉంది. ఎంజైమ్ ప్రొటీన్. వేడికి విడిపోతుంది, మూత తీసిన సీసాలో చచ్చిపోతుంది.

రెండో రకం చిన్న అణువులు: ఫెర్రోసీన్, మిథిలీన్ బ్లూ. ఫెర్రోసీన్ ఒక ఎలక్ట్రాన్ ఇస్తుంది, మిథిలీన్ బ్లూ రెండు తీసుకుంటుంది. ఎంజైమ్ లక్షలతో పోలిస్తే ఇది గజ్జె చప్పుడు. కానీ వీటికి ఇంకో నైపుణ్యం ఉంది. 2003లో కెవిన్ ప్లాక్స్‌కో, ఆలన్ హీగర్ బృందం ఒక డీఎన్ఏ పోగు ఒక కొసని బంగారు ఎలక్ట్రోడ్‌కి అంటించి, రెండో కొసకి ఫెర్రోసీన్ కట్టింది. ఆ పోగు మామూలుగా జడపిన్నులా మడత పడి ఉంటుంది, కాబట్టి ఫెర్రోసీన్ ఎలక్ట్రోడ్‌కి దగ్గరగా ఉండి మోగుతుంటుంది. వెతుకుతున్న డీఎన్ఏ వచ్చి జత కట్టగానే పోగు నిటారుగా నిలబడుతుంది, గజ్జె దూరమవుతుంది, చప్పుడు తగ్గుతుంది. చప్పుడు తగ్గితే దొరికినట్టు! కడగడం లేదు, ఇంకేం పోయక్కర్లేదు. 2017లో ఇదే దారిలో, తిరుగుతున్న ఎలుకల రక్తంలో మందు ఎంతుందో క్షణక్షణం కొలవగలిగారు.

మూడో రకం లోహపు నలుసులు. అంటే నానో కణాలు, ముఖ్యంగా బంగారం. కోవిడ్ కిట్‌లో, ప్రెగ్నెన్సీ కిట్‌లో కనపడే ఎర్ర గీత చాలావరకు బంగారు నలుసులదే. అక్కడ కంటితో చూస్తారు. ఎలక్ట్రోకెమికల్ పద్ధతిలో ఇంకో అడుగు వేస్తారు: నలుసుని యాసిడ్‌లో కరిగించి, వచ్చిన బంగారు అయాన్లను ఎలక్ట్రోడ్ మీద లెక్కపెడతారు. 2000లో ఫ్రాన్స్ పరిశోధకులు ఇలా చేసి చూపించారు. 20 నానోమీటర్ల నలుసులో సుమారు రెండున్నర లక్షల బంగారు పరమాణువులు ఉంటాయి. కరిగిన ఒక్కొక్కటీ తిరిగి లోహంగా మారడానికి మూడు ఎలక్ట్రాన్లు కావాలి. లెక్క చూడండి: ఏడున్నర లక్షలు. ఎంజైమ్ పది నిమిషాలు కష్టపడి తెచ్చినంత చప్పుడు, ఒక నలుసు ఒక్క దెబ్బకి తెస్తుంది. పైగా బంగారం ఎండకి పాడవదు.

నాలుగో రకం క్వాంటం డాట్స్. వీటి కథ నాకు బాగా నచ్చింది. 2003లో జోసెఫ్ వాంగ్ బృందం మూడు రకాల డీఎన్ఏలకి మూడు వేర్వేరు లేబుల్స్ కట్టింది: జింక్ సల్ఫైడ్, కాడ్మియం సల్ఫైడ్, లెడ్ సల్ఫైడ్. కరిగించి వోల్టేజ్‌ని మెల్లగా పెంచుకుంటూ పోతే ముందు జింక్, తర్వాత కాడ్మియం, ఆ తర్వాత సీసం, ఒక్కొక్కటీ తన వోల్టేజ్ దగ్గర తన శిఖరం చూపిస్తుంది. ఒకే చుక్కలో మూడు ప్రశ్నలకి మూడు జవాబులు. మూడు గేదెలకి మూడు రకాల గంటలు కట్టినట్టు. ఇబ్బంది ఏంటంటే కాడ్మియం, సీసం విషాలు. వాడేశాక ఆ చెత్త ఎక్కడ పోస్తామన్న ప్రశ్న తప్పదు. నీళ్లలో ఫ్లోరైడ్‌తో ఇన్నేళ్లు పడ్డ ఊళ్లకి ఆ ప్రశ్న చిన్నదిగా కనపడదు.

మీ ఇంట్లో రిపోర్ట్ తీసి చూడండి

ఇదంతా పరిశోధన కాగితాల్లోనే ఉంటుందనుకుంటే, ఇంట్లో ఎవరిదైనా థైరాయిడ్ రిపోర్ట్ తీయండి. టీఎస్‌హెచ్ కింద పద్ధతి అన్న చోట చాలా రిపోర్టుల్లో ఈసీఎల్ఐఏ అని ఉంటుంది. అందులో లేబుల్ రుథేనియం అనే లోహపు సమ్మేళనం. ఎలక్ట్రోడ్‌కి వోల్టేజ్ ఇవ్వగానే రుథేనియం, పక్కనున్న ట్రైప్రొపైలమీన్ కలిసి వెలుగు పుట్టిస్తాయి. ఆ వెలుగుని యంత్రం కొలుస్తుంది. రుథేనియం ఖర్చయిపోదు, మళ్లీ మళ్లీ వెలుగుతుంది. నిజంగానే జోనాకి.

రోష్ కంపెనీ ఎలెక్సిస్ పద్ధతిలో ఈ శాండ్‌విచ్‌ని అయస్కాంతపు పూసలకి అంటించడానికి బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అనే జంటని జిగురుగా వాడతారు. బయోటిన్ పేరు ఎక్కడో విన్నట్టుందా? జుట్టు రాలుతోందని మన హాస్టల్లో సగం మంది వేసుకునే బిళ్ల అదే. బిళ్లలోని బయోటిన్ రక్తంలో ఎక్కువగా ఉంటే జిగురు చోటుని అదే ఆక్రమించేస్తుంది. శాండ్‌విచ్ పూసకి అంటదు, గంట కడుగుడులో పోతుంది. టీఎస్‌హెచ్ లేకపోయినా తక్కువని, థైరాయిడ్ హార్మోన్ లేకపోయినా ఎక్కువని రావచ్చు. 2017 నవంబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక ఇచ్చింది. బయోటిన్ వల్ల ట్రోపోనిన్ తప్పుగా తక్కువ చూపించిన ఒక రోగి చనిపోయినట్టు అందులో ఉంది. తర్వాత కొన్ని కిట్లను మార్చారు. అయినా రక్తం ఇచ్చేముందు బయోటిన్ వేసుకుంటున్నామని చెప్పడం మన పని.

ఇంకో ఉదాహరణ మా అమ్మమ్మ కథకి దగ్గర బంధువు. కొన్ని గ్లూకోజ్ స్ట్రిప్స్‌లో జీడీహెచ్-పీక్యూక్యూ అనే వేరే ఎంజైమ్ వాడేవాళ్లు. దానికి గ్లూకోజ్‌కీ మాల్టోజ్‌కీ తేడా సరిగ్గా తెలియదు. కిడ్నీలు పాడై కడుపులోంచి డయాలసిస్ చేయించుకునే కొందరికి ఐకోడెక్స్‌ట్రిన్ అనే ద్రావణం ఎక్కిస్తారు. అది శరీరంలో మాల్టోజ్‌గా మారుతుంది. మీటర్ దాన్ని కూడా గ్లూకోజ్ అనే లెక్కేస్తుంది. షుగర్ ఎక్కువుందని ఇన్సులిన్ ఇస్తారు, నిజానికి లేదు. 1997 నుంచి 2009 వరకు ఇలాంటి తప్పుడు రీడింగ్‌లతో ముడిపడ్డ 13 మరణాలు తమ దృష్టికి వచ్చాయని ఎఫ్‌డీఏ 2009లో ప్రకటించింది. అది చదివినప్పుడు 312 గుర్తొచ్చి చేతులు చల్లబడ్డాయి. వాళ్ల ఇళ్లలోనూ ఎవరో మనలాగే నంబర్ చూసి నమ్మి ఉంటారు.

దర్శి దాకా వచ్చే గంట ఏది?

దర్శి నుంచి ఒంగోలు యాభై, అరవై కిలోమీటర్లు. గుండెలో నొప్పి వచ్చిన మనిషికి ఆ దూరం చాలా పెద్దది. చేత్తో పట్టుకునే మీటర్‌లో ట్రోపోనిన్ చూసే పరికరం ఇప్పటికే ఉంది. అబాట్ కంపెనీ ఐ-స్టాట్. అందులో పైన చెప్పిన ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ లేబులే ఉంటుంది, పది నిమిషాల్లో ఫలితం చెబుతుంది. అయితే దాని కార్ట్రిడ్జ్‌లని ఫ్రిజ్‌లో, 2 నుంచి 8 డిగ్రీల మధ్య దాచాలి. బయట పెడితే కొద్ది రోజులే. అంటే పరికరం ఉంటే సరిపోదు. కంపెనీ నుంచి మన ఊరి దాకా చల్లదనం తెగకుండా రావాలి, వచ్చాక కరెంటు పోకుండా ఉండాలి.

లేబుల్ గురించి చదివే ముందు నాకు ఇదంతా ఖర్చు, ప్రభుత్వం, రోడ్డు సమస్య అనిపించేది. ఇప్పుడు కెమిస్ట్రీ సమస్య కూడా అని తెలిసింది. ఎంజైమ్ గంట చప్పుడు పెద్దది, కానీ ఎండకి చచ్చిపోతుంది. బంగారం, ఫెర్రోసీన్, మిథిలీన్ బ్లూ ఎండకి తట్టుకుంటాయి, కానీ బంగారాన్ని కరిగించే యాసిడ్ పల్లెలో ఎవరు పట్టుకుంటారు? గజ్జె చప్పుడు వినడానికి మంచి సర్క్యూట్ కావాలి, మంచి సిగ్నల్ ప్రాసెసింగ్ కావాలి. లేబుల్ ఒక్కటే తట్టుకున్నా చాలదు, పట్టుకునే యాంటీబాడీ కూడా తట్టుకోవాలి. అందుకే దాని స్థానంలో డీఎన్ఏతో చేసిన ఆప్టమర్లను వాడాలని చూస్తున్నారు. అవి వేడికి విడిపోయినా, చల్లబడ్డాక చాలావరకు మళ్లీ మడత పడతాయి.

ఇందులో మనకి చోటు లేదనుకోవద్దు. శబ్దం మధ్య చిన్న సిగ్నల్‌ని వేరు చేయడం ఈసీఈ వాళ్ల పని. స్ట్రిప్ పాడైందో లేదో కరెంటు వక్రం చూసి కనిపెట్టడం మా పని. ఆ రోజు ఆ మీటర్, స్ట్రిప్ పెట్టగానే, రక్తం తగలకముందే వస్తున్న కరెంటు చూసి ఇది చెడిపోయిన స్ట్రిప్ అని చెప్పి ఉంటే, నేను 312 అనే నంబర్ చూసేవాణ్ణే కాదు.

అంతదాకా మన చేతిలో ఉన్నవి ఇవే. స్ట్రిప్ తీయగానే మూత పెట్టండి. సీసా వంటింట్లో వద్దు, కారులో వద్దు, ఎండ పడే కిటికీలో వద్దు. గడువు తేదీ చూడండి. ఉన్నట్టుండి నంబర్ ఎగిరితే ముందు చేతులు కడుక్కుని కొత్త సీసాతో మళ్లీ చూడండి, తర్వాత ల్యాబ్‌లో చూపించండి, ఆ తర్వాతే డాక్టర్ చెబితే మందు మార్చండి.

సీసా ఇప్పుడు అమ్మమ్మ బీరువాలో, చీరల మధ్య ఉంటోంది. రోజూ సాయంత్రం ఫోన్ చేసినప్పుడు నేను రీడింగ్ ఎంత అని అడుగుతాను. అమ్మమ్మ నంబర్ చెప్పి, నేను అడక్కముందే, "మూత పెట్టాలే" అంటుంది.